రాత్రిపూట ఒంటరిగా నడిచి ఇల్లు చేరడం ఎలా: బస్టాప్ నుంచి గుమ్మం దాకా

"డ్యూటీ దిగేసరికి పదిన్నర, పదకొండు అవుతోంది. మెట్రో దిగాక ఇంటికి పది నిమిషాల నడక. అంత దగ్గరకైతే ఆటోవాళ్లు రారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు వెళ్లే అమ్మాయిలున్నారు, సెకండ్ షిఫ్ట్ చేసే నర్సులున్నారు, షాపు షట్టర్ దించి బయల్దేరే కుర్రాళ్లూ ఉన్నారు. అందుకే అన్నీ వరసగా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఎవరైనా మీ జోలికొస్తే తప్పు వాళ్లదే. మీ బట్టలదీ కాదు, మీరు బయటికొచ్చిన వేళదీ కాదు. ఈ జాగ్రత్తల వల్ల ప్రమాదం కాస్త ముందుగా కనబడుతుంది, సాయం కాస్త త్వరగా అందుతుంది. అంతవరకే వీటి పని.

ఇందులో చాలా భాగం బయల్దేరకముందే చేసిపెట్టుకోవాలి. రోడ్డు మీదికొచ్చాక గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: అనుమానం రాగానే మొహమాటపడకుండా అక్కణ్నుంచి కదలడం. "పాపం, మామూలు మనిషేమో, పక్కకు జరిగితే ఏమనుకుంటాడో" అని ఆగిపోతాం చూడండి, అక్కడే చాలామంది ఇరుక్కుపోతారు.

ఏమేం కావాలి

- కనీసం సగం ఛార్జింగ్ ఉన్న ఫోన్. షిఫ్ట్ చివర్లో ఛార్జింగ్ అయిపోతుంటే చిన్న పవర్ బ్యాంక్.
- చేతిలో ఇమిడే టార్చి. ఫోన్ టార్చితో సరిపెట్టుకోకండి. ఫోన్ చాచి పట్టుకుని నడిస్తే లాక్కునేవాడికి పని సులువు.
- ఒక విజిల్. తాళంచెవుల గుత్తికే తగిలించుకోండి.
- పరుగెత్తడానికి వీలైన చెప్పులు లేదా బూట్లు. ఆఫీసులో హీల్స్ వేసుకునేవాళ్లు బ్యాగులో ఒక జత మడమలేని చెప్పులు పెట్టుకోండి.
- కావాలనుకుంటే పెప్పర్ స్ప్రే. మన దగ్గర దీనికి లైసెన్స్ అక్కర్లేదు.
- మీరు ఇల్లు చేరేదాకా మేలుకుని ఉండే ఒక మనిషి. పైవాటిలో ఏది లేకపోయినా ఇది మాత్రం ఉండాలి.

1. దారిని రెండుసార్లు చూసిపెట్టుకోండి

ఒకసారి పగలు, ఒకసారి మీరు రోజూ వచ్చే వేళకే, తోడుగా ఎవరినైనా తీసుకుని. పగలు సందడిగా ఉండే సందు రాత్రి పదిన్నరకు ఎలా ఉంటుందో చూస్తేగానీ తెలీదు.

చూడాల్సినవి: ఏ స్తంభానికి లైటు వెలగడం లేదు, ఎక్కడ ఖాళీ ప్లాటు ఉంది, సగం కట్టి వదిలేసిన బిల్డింగ్ ఎక్కడుంది, వైన్ షాపు ఎక్కడుంది, కుక్కలు ఎక్కడ గుంపుగా పడుకుంటాయి. మరోపక్క, ఆ వేళకు తెరిచి ఉండేవేమిటో లెక్కపెట్టండి: మెడికల్ షాపు, టిఫిన్ బండి, పెట్రోల్ బంకు, వాచ్‌మన్ కూర్చునే అపార్ట్‌మెంట్ గేటు, ఆసుపత్రి. వీటిలో కనీసం రెండు మీ దారిలో ఉండాలి. లేకపోతే ఐదు నిమిషాలు ఎక్కువైనా దారి మార్చండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే: అడ్డదారి పడితే తొందరగా వెళ్లిపోవచ్చనుకుంటారు. రాత్రిపూట మెయిన్ రోడ్డే అసలు దారి.

ఆ మెడికల్ షాపులో ఒకసారి ఏదైనా కొని, ఓ మాట మాట్లాడండి. "అన్నా, నేను రోజూ ఈ టైముకే ఇటు వెళ్తుంటాను" అంటే చాలు. ముఖం తెలిసినవాళ్లను ఆపదలో పట్టించుకోవడం వేరు.

వెలగని లైటు కనబడితే స్తంభం మీద నంబరు రాసుకుని ఫిర్యాదు చేయండి. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ నంబరు 040-21111111. వేరే ఊళ్లలో అయితే మున్సిపాలిటీకి, పల్లెల్లో పంచాయతీ కార్యదర్శికి చెప్పండి.

2. ఫోన్‌ను సిద్ధం చేయండి

అత్యవసర నంబరు 112. పోలీసు, ఫైర్, అంబులెన్స్ అన్నిటికీ ఇదే. మహిళా హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది, కానీ మనిషి వెంటబడుతున్నప్పుడు ముందు చేయాల్సింది 112కే.

స్క్రీన్ తెరిచి నంబరు నొక్కే తీరిక ఉండకపోవచ్చు కాబట్టి బటన్‌తో పనయ్యేలా పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి "ఎమర్జెన్సీ" అని వెతికితే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ కనబడుతుంది. చాలా ఫోన్లలో పవర్ బటన్‌ను గబగబా ఐదుసార్లు నొక్కాలి. కొన్నిట్లో మూడుసార్లు. మన దేశంలో ఐఫోన్‌కు పక్కనున్న బటన్‌ను మూడుసార్లు నొక్కే పద్ధతి ఉంది. మీ ఫోన్లో అది ఆన్‌లో ఉందో లేదో, కాల్ వెళ్లే నంబరు 112 అవునో కాదో చూసుకోండి. కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లకు 5 లేదా 9 బటన్‌ను నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లకు ఈ పానిక్ బటన్ తప్పనిసరి చేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. మహిళల భద్రత కోసం 2020లో వచ్చిన దిశ యాప్ స్థానంలో 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. పాతది ఫోన్లో ఉందిలే అని ధీమాగా ఉండకుండా కొత్తది వేసుకుని, అందులో మీ వివరాలు నమోదు చేయండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీ-సేఫ్ ఉంది. అది ఆటో, క్యాబ్ ప్రయాణాల మీద పోలీసులు కన్నేసి ఉంచే సేవ. నడవలేక ఆటో ఎక్కిన రోజు పనికొస్తుంది.

వాట్సాప్ లొకేషన్ పంపేటప్పుడు చాలామంది "కరెంట్ లొకేషన్" పంపుతారు. అది మీరు ఆ క్షణంలో ఉన్న చోటును మాత్రమే చూపిస్తుంది, మీతోపాటు కదలదు. పంపాల్సింది లైవ్ లొకేషన్. అందులో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడుంటాయి. గంట పెట్టండి. 15 నిమిషాలు పెడితే ఒక్క బస్సు ఆలస్యమైనా ఆగిపోతుంది.

3. ఇంట్లో ఒకరితో ఒప్పందం చేసుకోండి

"జాగ్రత్తగా రా" అనేవాళ్లు అందరికీ ఉంటారు. మీకు కావాల్సింది, మీరు రాకపోతే ఫలానా నిమిషానికి లేచి చెప్పులేసుకునేవాళ్లు. అమ్మ కావచ్చు, అన్న కావచ్చు, హాస్టల్లో రూమ్మేట్ కావచ్చు. వాళ్లతో మూడు సంగతులు తేల్చుకోండి.

ఒకటి, సమయం. మీ నడక పది నిమిషాలైతే, దిగిన మెసేజ్ వచ్చాక పదిహేనో నిమిషంలో వాళ్లు ఫోన్ చేయాలి. రెండు, ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి. రెండుసార్లు చేసి, లైవ్ లొకేషన్ చూసి, అది కదలకపోతే 112కు చేయాలి, ఎదురెళ్లాలి. మూడు, ఒక గుర్తు మాట. పక్కన ఎవరో ఉండి విషయం చెప్పలేని పరిస్థితిలో వాడేది. "పెద్దమ్మ మందులు తెచ్చారా?" లాంటిదైతే వినేవాడికి అనుమానం రాదు, మీవాళ్లకు మాత్రం వెంటనే రావాలని అర్థమవుతుంది. మీ ఇంట్లో మామూలుగా వినబడని, బయటివాళ్లకు మామూలుగా అనిపించే మాట ఎంచుకోండి.

ఇంట్లోవాళ్లు ఊళ్లో ఉండి, మీరు హైదరాబాద్‌లో ఒంటరిగా ఉంటుంటే మీ వీధికి దగ్గర్లో ఉండే స్నేహితురాలో, కొలీగో ఉండాలి. శ్రీకాకుళంలో ఉన్న నాన్నగారు కంగారుపడగలరు గానీ పరుగెత్తి రాలేరు.

4. దిగేముందు రెండు నిమిషాలు

బస్సులో గానీ, మెట్రో స్టేషన్ లోపల గానీ ఉండగానే ఈ పనులు ముగించండి: లైవ్ లొకేషన్ పంపడం, ఇయర్‌ఫోన్స్ తీసేయడం, బ్యాగు జిప్ వేయడం, తాళంచెవి, టార్చి బయటికి తీసుకోవడం. పుస్తెలతాడు, గొలుసు బట్టల లోపలికి వేసుకోండి. చీరైతే కొంగు మెడ చుట్టూ కప్పుకుని పిన్ను పెట్టుకోండి.

బస్సులో కండక్టర్‌ను అడగడానికి సంకోచించకండి. "స్టాప్ దగ్గర చీకటిగా ఉంటుందండీ, ముందు పెట్రోల్ బంకు దగ్గర కాస్త ఆపరా" అంటే వినేవాళ్లు చాలామందే ఉంటారు. అదే స్టాప్‌లో దిగే కుటుంబమో, మహిళలో కనబడితే వాళ్లతో కలిసి కదలండి.

5. నడవండి, రోడ్డుకు కుడివైపున

రాత్రి నడక అంటే అందరికీ మనుషుల భయమే గుర్తొస్తుంది గానీ, వాహనాల ప్రమాదమూ చిన్నదేం కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. ఫుట్‌పాత్ ఉంటే దాని మీదే నడవండి. లేనిచోట రోడ్డుకు కుడివైపున నడవండి. మన దగ్గర వాహనాలు ఎడమవైపు వెళ్తాయి కాబట్టి మీ వైపు వచ్చేవి ఎదురుగా వస్తాయి, కనబడతాయి. వెనక నుంచి బైకు మెల్లగా చేరి గొలుసు తెంపడానికీ ఇలా వీలు తగ్గుతుంది. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లుంటారు కాబట్టి వెనక బండి శబ్దం దగ్గరపడితే మాత్రం పక్కకు జరిగి, తిరిగి చూడండి.

బ్యాగు కుడి భుజానికి, అంటే గోడ వైపు ఉండాలి. వరసగా ఆగి ఉన్న కార్ల పక్కనుంచి, మూసేసిన షట్టర్లకు ఆనుకుని నడవకండి. ముదురు రంగు బట్టలైతే బ్యాగుకు ఒక రిఫ్లెక్టర్ టేపు ముక్క అంటించండి.

వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట కాలు పెట్టకండి, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలీదు. కరెంటు స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ కంచెను పట్టుకోకండి.

ఇంకో పొరపాటు: దారంతా ఫోన్లో మాట్లాడుతూ నడవడం. తోడున్నట్టు అనిపిస్తుంది, కానీ కబుర్లలో పడితే చెవులు మూసుకున్నట్టే. మాట్లాడాలనిపిస్తే కాల్ చేసి ఉంచి, మధ్యమధ్యలో మీరున్న చోటు చెప్పండి: "మెడికల్ షాపు దాటాను, రెండు నిమిషాల్లో గేటు దగ్గరుంటా, కిందికి రండి." ఉత్తుత్తి కాల్ కంటే నిజంగా చేసిందే నయం. ఉత్తుత్తిగా మాట్లాడుతుండగా ఫోన్ మోగితే గుట్టు బయటపడుతుంది.

కారు ఆపి అడ్రస్ అడిగితే దగ్గరకు వెళ్లకండి, కిటికీలోకి వంగకండి. దూరం నుంచే "తెలీదండీ" అని, కారు ముఖం ఎటుందో దానికి ఎదురు దిశలో నడవండి.

6. వెనక ఎవరో వస్తున్నారనిపిస్తే

రోడ్డు దాటండి. అతనూ దాటితే కాసేపాగి మళ్లీ ఇటు దాటండి. రెండోసారీ మీ వెనకే వచ్చాడంటే ఇక ఆలోచించేది లేదు, వెంటబడుతున్నట్టే అనుకోండి. ఒకసారి తిరిగి అతని ముఖం చూడండి. చూశామని అతనికి తెలియాలి.

ఇంటికి మాత్రం వెళ్లకండి. గేటు దగ్గర వాచ్‌మన్ లేని ఇల్లయితే మరీ వద్దు. అతనికి మీ ఇల్లు తెలిసిపోతుంది, తాళం తీసే ఆ అర నిమిషం మీరు వీపు తిప్పి నిలబడతారు. సందుల్లోకి తిరిగి తప్పించుకోవాలని చూడకండి. ముందుగా చూసిపెట్టుకున్న షాపులోకో, బంకులోకో నేరుగా వెళ్లండి. "అన్నా, వెనక ఎవరో వస్తున్నారు. మావాళ్లు వచ్చేదాకా ఇక్కడ నిలబడతాను" అనండి. తర్వాత 112.

112కు చేసినప్పుడు ముందు చోటు చెప్పండి, తర్వాత సంగతి, ఆ తర్వాత పేరు. కాల్ మధ్యలో తెగినా చోటు చేరి ఉంటుంది. హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్ నంబర్లు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్లు ఇందుకు బాగా పనికొస్తాయి. మీ దారిలో ఉన్న రెండు మూడు నంబర్లు కంఠస్థం చేసిపెట్టుకోండి.

మగవాళ్లకు కూడా ఇక్కడొక మాట. ముందు ఒంటరిగా ఒక అమ్మాయి నడుస్తుంటే మీరు అటు పక్కకు దాటి వెళ్లండి, లేదా కాసేపు ఆగి దూరం పెరగనివ్వండి. మీ మనసులో ఏమీ లేకపోవచ్చు, ఆమెకు అది తెలిసే వీల్లేదు కదా.

7. దగ్గరికొచ్చి అడ్డగిస్తే

వస్తువు అడిగితే ఇచ్చేయండి. గొలుసు లాగుతుంటే పట్టుకుని వేలాడకండి, బైకు ఈడ్చుకెళ్తుంది, మెడ తెగుతుంది. ఫోన్, పర్సు దూరంగా విసిరేసి మీరు ఇంకోవైపు పరుగెత్తడం కూడా పనిచేస్తుంది.

మనిషి మీదికే వస్తుంటే గట్టిగా అరవండి. ఏమని అరుస్తారన్నది ముఖ్యం. "వదులు, వదులు" అంటే చూసేవాళ్లు మొగుడూ పెళ్లాల గొడవేమో, లవర్సేమో అనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. "ఎవరండీ మీరు? మీరెవరో నాకు తెలీదు! వెనక్కి వెళ్లండి!" అనండి. ఆ "మీరు"తోనే అతను పరాయివాడని చుట్టూ ఉన్నవాళ్లకు అర్థమవుతుంది. తర్వాత ఒక్క మనిషిని వేలు పెట్టి చూపించి అడగండి: "తెల్ల చొక్కా అన్నా, 112కు ఫోన్ చేయండి!" అందర్నీ కలిపి పిలిస్తే ఎవరూ కదలరు, ఒకరిని పిలిస్తే ఆ ఒకరు కదులుతారు.

పెప్పర్ స్ప్రే ఉంటే చేయి చాచి ముఖం మీద కొట్టి వెంటనే పరుగెత్తండి. ఎదురుగాలి ఉంటే మీ కళ్లలోకే వస్తుంది, చూసుకోండి. బ్యాగు అడుగున పడేసిన స్ప్రే లేనట్టే. నడిచేటప్పుడు చేతిలోనో, పై జేబులోనో ఉండాలి.

8. కుక్కలు వెంటబడితే

పరుగెత్తకండి, అరవకండి. ఆగి, చేతులు ఒంటికి ఆనించుకుని, వాటి కళ్లలోకి చూడకుండా నిలబడండి. బ్యాగునో గొడుగునో అడ్డం పెట్టుకుని, వీపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగండి. రాయి తీసినట్టు వంగితే ఒక్క కుక్కయితే బెదరొచ్చు. గుంపుగా ఉంటే మాత్రం వంగొద్దు, మీ ముఖం వాటి ఎత్తుకు వస్తుంది.

కరిస్తే, గీరినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇందుకు అందరికీ తెలిసిన చోట్లు. మిగతా చోట్ల ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మొదటి డోసుతో ఆపేయకుండా డాక్టర్ చెప్పిన తేదీలన్నీ పూర్తిచేయాలి.

ఊళ్లలో పొలం గట్ల మీద నడిచేవాళ్లకు పాముల భయమే ఎక్కువ. కాలు కనబడేలా టార్చి వేయండి, బూట్లు వేసుకోండి, కర్రతో నేల తడుతూ నడవండి. కరిస్తే కోయకండి, బిగించి కట్టకండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి చేసి ఆసుపత్రికి వెళ్లండి. మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకండి.

9. గుమ్మం దగ్గర

గేటు తీసేముందు ఒకసారి వెనక్కి చూడండి. లిఫ్ట్‌లో తెలియని మనిషి ఉండి మీకు నచ్చకపోతే ఎక్కకండి, ఫోన్ వచ్చినట్టు పక్కకు జరిగి తర్వాతిది ఎక్కండి. లోపలికొచ్చాక "వచ్చేశా" అని మెసేజ్ పెట్టడం మరిచిపోకండి. రెండు మూడుసార్లు మరిచిపోతే, నాలుగోసారి మీకు నిజంగా ఆలస్యమైనా వాళ్లు "మళ్లీ మరిచిపోయిందిలే" అనుకుని పడుకుంటారు.

తెల్లవారుజామున నడకకు వెళ్లే పెద్దవాళ్లకు, చీకటితో లేచి వాకిట్లో ముగ్గేసే అమ్మలకు కూడా ఇది వర్తిస్తుంది. వంగి ముగ్గేస్తుండగా బైకు మీద వచ్చి అడ్రస్ అడిగి గొలుసు తెంపుకెళ్లిన సంఘటనలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. గేటు లోపలే ఉండి జవాబివ్వండి.

10. ఏదైనా జరిగితే

గుర్తున్నదంతా వెంటనే ఫోన్లో వాయిస్ రికార్డ్ చేయండి: సమయం, చోటు, బండి నంబరులో కొన్ని అంకెలైనా, చొక్కా రంగు. "మా పరిధి కాదు" అని స్టేషన్లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. వెంటబడటం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 78వ సెక్షన్ కింద, లాక్కెళ్లడం 304 కింద నేరాలు. రోజూ ఒకడే వెంటబడుతుంటే తెలంగాణలో 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్‌కు (మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు) చెప్పండి. షాపుల సీసీ కెమెరాల్లో పాత రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది కాబట్టి మర్నాడే అడగాలి. ఫోన్ పోతే సిమ్ బ్లాక్ చేయించి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ ద్వారా మీ ఫోన్‌ను బ్లాక్ చేయండి. దానికి ఐఎంఈఐ నంబరు (ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరు) కావాలి. ఇప్పుడే *#06# నొక్కి, ఆ నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఇలా చూసుకోండి

- లైవ్ లొకేషన్ పంపి, ఫోన్ జేబులో పెట్టుకుని వీధి చివరికి వెళ్లి రండి. ఇంట్లోవాళ్ల ఫోన్లో చుక్క కదిలిందా? కదలకపోతే బ్యాటరీ సేవర్ గానీ, లొకేషన్ పర్మిషన్ గానీ అడ్డుపడుతోంది. అమ్మకు ఆ చుక్కను తెరిచి చూడటం వచ్చా అన్నదీ చూడండి, చాలా ఇళ్లలో ఇక్కడే ఆగుతుంది.
- ఎస్ఓఎస్ బటన్ నొక్కే పద్ధతిని సెట్టింగ్స్‌లోనే పరీక్షించండి. నిజంగా 112కు కాల్ పోనివ్వకండి, ఆ సమయంలో ఇంకెవరికో ఆ లైన్ అవసరం ఉండొచ్చు.
- కళ్లు మూసుకుని బ్యాగులోంచి విజిల్, స్ప్రే తీయండి. మూడు లెక్కపెట్టేలోపు చేతికి రాకపోతే వాటి చోటు మార్చండి.
- స్ప్రేను ఆరుబయట, గాలి వెళ్లే వైపుకు ఒకసారి కొట్టి చూడండి. గడువు తేదీ చూడండి.
- పరీక్ష అని ముందుగా చెప్పకుండా గుర్తు మాటను ఒక రోజు వాడి చూడండి. వాళ్లు "ఏ మందులు?" అని అడిగితే ఒప్పందం మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి.
- మీ వీధిలో షాపు మూతపడినా, కొత్త బిల్డింగ్ పని మొదలైనా, లైటు పోయినా ఒకటో మెట్టు మళ్లీ చేయండి.